అడవి పక్క ఊళ్లకు ఏది మేలు: నష్టపరిహారమా, ఆదాయంలో వాటానా?

వన్యప్రాణుల వల్ల పంటలూ పశువులూ పోగొట్టుకున్నవారికి ప్రభుత్వం డబ్బు చెల్లించడం మేలా, లేక అడవి మీద వచ్చే ఆదాయంలో ఆ ఊరివారికి వాటా ఇవ్వడం మేలా అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు.

నష్టపరిహారం న్యాయమైనది, దాన్ని తీసివేయమని ఎవరూ అనకూడదు. అయితే నష్టాన్ని రుజువు చేసే భారమంతా నష్టపోయినవారి మీదే పడుతుంది. రాత్రంతా మంచె మీద కాపలా కాసిన శ్రమకూ, భయంతో సాగు మానుకున్న పొలానికీ లెక్క కట్టే దరఖాస్తు ఎక్కడా ఉండదు. డబ్బు సకాలంలో చేతికందినా, పంట తొక్కిన ఏనుగు మాత్రం రైతు దృష్టిలో ప్రభుత్వ ఏనుగుగానే మిగిలిపోతుంది.

వాటా పద్ధతి ఈ సంబంధాన్నే మారుస్తుంది. నేపాల్‌లో 1996 నాటి నిబంధనల ప్రకారం జాతీయ ఉద్యానవనాల ఆదాయంలో 30 నుంచి 50 శాతం వరకు బఫర్ జోన్ (ఉద్యానవనం చుట్టూ ఉండే ప్రాంతం) ప్రజలకు చేరాలి. నమీబియాలో 1996 చట్ట సవరణ తర్వాత గ్రామీణులు తమ ప్రాంతాన్ని కన్సర్వెన్సీగా నమోదు చేసుకుని, అక్కడి వన్యప్రాణుల నిర్వహణపై, దాని ద్వారా వచ్చే ఆదాయంపై హక్కు పొందారు. ఇప్పుడు అలాంటివి 80కి పైగా ఉన్నాయి.

నా దృష్టిలో ఫలితాన్ని తేల్చేది వాటా శాతం కాదు, నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదే. జింబాబ్వేలో 1980ల చివర మొదలైన క్యాంప్‌ఫైర్ కార్యక్రమం కూడా ఆదాయం పంచడానికే పుట్టింది. కానీ అక్కడ అధికారం జిల్లా మండళ్ల దగ్గరే ఆగిపోవడంతో, రాబడిలో గణనీయమైన భాగం ఆ మండళ్ల వద్దే నిలిచిపోయి, ఏనుగులతో రోజూ తంటాలు పడే ఊళ్లకు మిగిలింది తగ్గింది. కాగితం మీద ఆ వాటా ఎంత ఉదారంగా కనిపించినా, ఖర్చు గురించి ఊరి సభ ప్రశ్నించలేనప్పుడు అది పైనుంచి అందే మరో సాయమే అవుతుంది.

వేరే మార్గాలూ ఉన్నాయి. సౌరవిద్యుత్తుతో పనిచేసే కంచెలు ఉపయోగకరమే, కానీ మరమ్మతు చూసుకునేవారు లేనిచోట అవి ఎక్కువకాలం నిలవవు. ఇక మనుషులనూ పశువులనూ పూర్తిగా బయటికి పంపే మార్గం ప్రాణులకైనా మేలు చేస్తుందన్న హామీ లేదు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గరి కియోలాదేవ్ పక్షుల ఉద్యానవనంలో 1982లో మేతను నిషేధించాక, గేదెలు మేయని గడ్డి నీటిని కప్పేసి నీటిపక్షులకే ఇబ్బంది తెచ్చింది.

అందుకే ఎంచుకోవలసి వస్తే నేను అధికారంతో కూడిన వాటావైపే ఉంటాను. దాని బలహీనతను మాత్రం దాచలేను. 2020లో ప్రయాణాలు ఆగిపోగానే పర్యాటకం మీద ఆధారపడిన కన్సర్వెన్సీల రాబడి పడిపోయింది. పర్యాటకులే రాని అడవుల్లో పంచడానికి ఆదాయమే ఉండదు. అలాంటిచోట పరిహారమే ప్రధానం కావాలి, నష్టాన్ని అంచనా వేసే బృందంలో ఆ ఊరివారికి ఓటు ఉండాలి.