పాత అభిమాన పత్రికలు: విడి కాపీలు మేలా, బైండు మేలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పాత పత్రికలు పోగేసేవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఒకటే: విడి సంచికలు కొనాలా, కొన్ని సంచికలు కలిపి బైండు చేసినవా? సినిమా పత్రికలే కాదు, దూరదర్శన్‌లో రామాయణం వచ్చిన 1987-88 నాటి టీవీ కబుర్లున్నవీ, కలకత్తా నుంచి వెలువడిన జూనియర్ స్టేట్స్‌మన్ లాంటి, పాప్ సంగీతం కబుర్లున్న కుర్రకారు పత్రికలూ ఈ లెక్కలోవే.

విడి కాపీ గొప్ప అందరికీ తెలిసిందే. రంగుల అట్ట, నడిమి పేజీల బ్లోఅప్ (రెండు పేజీలకీ పరిచిన పెద్ద ఫొటో), మళ్లీ అమ్మితే మంచి ధర. బైండరేమో చాలాసార్లు అట్టలు పీకేస్తాడు, మూడు పక్కలా అంచులు కోసేస్తాడు, కుట్టులో హీరోయిన్ సగం మొహం మింగేస్తాడు. ఇంతవరకే చూస్తే పోటీయే లేదు.

కానీ మన గంజాం గాలికి ఈ పోటీ తేల్చేది పత్రిక నడుమ కొట్టిన పిన్ను. తేమకి తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తుంది. ముందు ఊడేవి పైనున్న అట్ట, లోపలున్న నడిమి కాగితం. అంటే, మనం ఏ రెండింటి కోసం ఎక్కువ డబ్బు పోస్తున్నామో అవే ముందు పోతాయి. మరో పేజీ ఎవరైనా చింపితే అదే కాగితంలోని రెండో సగం, అంటే దాని జోడీ పేజీ, వదులై చేతికొస్తుంది, దొంగతనం బయటపడుతుంది. బ్లోఅప్‌ని గోడకి అంటించడానికి లాగేస్తే మాత్రం మిగతా పుస్తకం కదలదు. 48 పేజీల సంచికలో 22 తర్వాత 27 కనిపిస్తే ఆ కాగితం ఎప్పుడో పోయిందని అర్థం. డబ్బులిచ్చే ముందు నడుమ తెరిచి చూడండి.

బైండరు పిన్ను పీకి దారంతో కుడతాడు కనక ఆ తుప్పు గోల ఉండదు. అందుకే నా మొగ్గు బైండు వైపే, అయితే అట్టలతో సహా కుట్టించినదై ఉండాలి. శ్రద్ధగల పాత చందాదారులు అలాగే చేయించేవారు. 1966లో మొదలైన విజయచిత్ర సినిమా మాసపత్రిక కాబట్టి ఏడాదంతా ఒక్క బైండులో ఇముడుతుంది. పాఠకుల ఉత్తరాల్లో ఒక నెల అభిమాని ఒక హీరోని పొగిడితే పై నెల ఇంకొకడు దులిపేయడం వరసగా చదవడంలో ఉన్న మజా విడి కాపీల్లో రాదు. మా వైపు బైండుల్లో ఇంకో సరదా, గట్టి అట్ట లోపల అంటించిన ఒడియా పేపరు ముక్క. మైదా పేస్టుకి పురుగు పడుతుందన్నది నిజమే. మైలుతుత్తం కలిపి అంటించినవైతే చాలావరకు నిలుస్తాయి.

జూనియర్ స్టేట్స్‌మన్‌ది (1967-77) వేరే లెక్క. దానికి పోస్టర్లే ప్రాణం, విడిగానే కొనండి. పిన్ను తీసేసి అవే చిల్లుల్లోంచి నూలు దారం వేసుకోండి. స్మాష్ హిట్స్ (బ్రిటన్ పాప్ సంగీతం పత్రిక) లాంటి విదేశీవి మన వైపు అరుదు, దొరికితే ఎలా ఉన్నా తీసుకోండి. కత్తిరింపుల ఆల్బమ్‌లకి తేదీ ఉండదు, పత్రిక పేరూ ఉండదు, వదిలేయండి. స్కాన్లు చదువుకోవడానికి చాలు.

ధర సంగతి. పాత పేపర్ల కొట్టులో కిలో లెక్కన దొరికితే రెండూ ఒకటే, మోసుకొచ్చేయండి. అట్టల్లేని బైండుకి విడి కాపీల ధర చెబితే మాత్రం లేచి బయటికి నడవండి, కొట్టువాడే వెనక్కి పిలుస్తాడు.