అమలాపురం స్పీచ్ థెరపీ సెంటర్: తమిళ పిల్లలకు పనికొస్తుందా?

కోనసీమలో స్థిరపడిన తమిళ కుటుంబాలకు ఈ చిన్న సెంటర్ బాగానే పనికొస్తుంది. వినికిడి పరీక్ష రిపోర్టు లేనిదే మొదలుపెట్టరు. మంచి పద్ధతి, ఎందుకంటే కర్ణభేరి వెనక నీరు చేరినా మాట ముద్దగానే వస్తుంది.

అసలు పనితనం తమిళంలోని ‘ఴ’ (ழ) శబ్దం దగ్గర కనిపిస్తుంది. అరటి గెల బొమ్మ చూపించి ‘వాఴై’ (తమిళంలో అరటి) అనిపిస్తారు. రావులపాలెం దారిలో రోజూ చూసే గెలే కాబట్టి పిల్లలు వెంటనే నోరు విప్పుతారు, కాకపోతే ‘వాలై’ అనో ‘వాయై’ అనో అంటారు. ‘ళ’కి నాలుక కొన వెనక్కి మడిచి అంగిలికి తాకాలి. ‘ఴ’కి మడవాలి గానీ తాకకూడదు. అద్దం ముందు కూర్చోబెట్టి ఇదే చేయిస్తారు: ముందు శబ్దం, తర్వాత అక్షరం, మాట, ఆఖర్న వాక్యం. ఇంటి దగ్గర పూటకి ఐదు నిమిషాల సాధన.

లోపమల్లా బొమ్మల కార్డులే, అన్నీ తెలుగు మాటలవి. ‘పులి’, ‘పుళి’ (చింతపండు) లాంటి జంటలు లేవు. తేడా చెవికి పట్టకపోతే నోటికి రాదు, కాబట్టి బొమ్మలు మీరే గీసి పట్టుకెళ్లండి.

మూడేళ్లకి ‘ఴ’ రాలేదని కంగారుపడి చేర్పించకండి, అది ఆలస్యంగా పలికే శబ్దం. నాలుగేళ్లు దాటినా బయటివాళ్లకి మాట అర్థం కాకపోతే తప్పక వెళ్లండి. ఇంట్లో పెద్దలే ‘ఴ’ బదులు ‘ళ’ అంటుంటే అది దక్షిణ తమిళ యాస, దానికి థెరపీ అక్కర్లేదు.