ఇలీ లోయ: లివాడియా సంధి మేలా, సెయింట్ పీటర్స్‌బర్గ్ సంధి మేలా?

ఛింగ్ సామ్రాజ్యపు చివరి దశను చదివేవారు చైనా వాయవ్య అంచున ఉన్న ఇలీ లోయ కోసం రష్యాతో నడిచిన వివాదం దగ్గరకు రాగానే ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. 1879లో క్రిమియాలోని లివాడియాలో చైనా రాయబారి చోంగ్‌హౌ కుదుర్చుకున్న సంధి ప్రకారం చైనా రష్యాకు చెల్లించవలసింది 50 లక్షల రూబుళ్ళు. దానిని తోసిపుచ్చి 1881లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తరువాతి రాయబారి జెంగ్ జీజే సాధించిన సంధి ప్రకారం చెల్లించవలసి వచ్చింది 90 లక్షలు. ఇంత ఎక్కువ సొమ్ము ముట్టజెప్పిన సంధిని దౌత్య విజయమని చరిత్రకారులు ఎందుకు కొనియాడుతున్నారు? ప్రశ్న న్యాయమైనదే. అయితే రూబుళ్ళ లెక్క దగ్గర ఆగిపోతే రెండు సంధుల మధ్య ఉన్న అసలు తేడా కనబడదు. ఆ తేడా దేశపటంలో ఉంది.

1860ల ముస్లిం తిరుగుబాట్లతో చైనా పడమటి ప్రాంతమైన షిన్‌జియాంగ్‌లో ఛింగ్ అధికారం కుప్పకూలాక, 1871లో రష్యా సేనలు ఇలీని ఆక్రమించడం, ఇది తాత్కాలికమేననీ అక్కడ చైనా అధికారం తిరిగి నెలకొన్న నాడు అప్పగిస్తామనీ రష్యా చెప్పడం పాఠకులకు తెలిసినవే. 1876 నుంచి 1878 ఆరంభం వరకు ఛింగ్ సేనాపతి జువో జోంగ్‌టాంగ్ సేనలు ఉరుంచీ మొదలుకొని కాష్గర్, ఖోటాన్‌ల దాకా తిరిగి గెలుచుకోవడంతో ఆ మాట నిలబెట్టుకోవలసిన ఘడియ రష్యాకు వచ్చింది.

ఇలీ నది పడమటికి ప్రవహించి బల్ఖాష్ సరస్సులో కలుస్తుంది. అందువల్ల ఈ లోయ రష్యన్ తుర్కిస్తాన్ (మధ్య ఆసియాలో రష్యా ఏలుబడిలోని భాగం) వైపు బార్లా తెరుచుకొని ఉంటుంది. చైనా వైపున మాత్రం తియాన్‌షాన్ పర్వతాలు ఉత్తరానా తూర్పునా దక్షిణానా గోడకట్టి నిలుస్తాయి. లోయలో ఉన్న ఛింగ్ అధికారికి మిగిలిన షిన్‌జియాంగ్‌తో సంబంధం కలిపే దారులలో ముఖ్యమైనవి రెండే: ఉత్తరాన తల్కీ కనుమ మీదుగా ఉరుంచీ వైపు వెళ్ళే దారి ఒకటి, దక్షిణాన తెకెస్ నదీలోయ గుండా పైకి వెళ్ళి, ముజార్ట్ కనుమ వద్ద హిమానీనదాన్ని దాటి అక్సూలో దిగే దారి మరొకటి. ఆ రెండవ దారే ఇలీని కాష్గర్ ప్రాంతంతో కలుపుతుంది. అది ఎవరి చేతిలో ఉంటే తియాన్‌షాన్‌కు ఉత్తరాన ఉన్న సేనలకూ దక్షిణాన ఉన్న సేనలకూ మధ్య రాకపోకలు వారి దయ మీద ఆధారపడతాయి.

లివాడియా సంధి లోయలోని ముఖ్య పట్టణమైన కుల్జానూ దాని చుట్టూ ఉన్న భూమినీ చైనాకు తిరిగి ఇచ్చింది. లోయ పడమటి భాగాన్నీ, తెకెస్ లోయనూ, ముజార్ట్ కనుమనూ రష్యాకు వదిలిపెట్టింది. ఇల్లు అప్పగించి వీధి తలుపు తాళంచెవి, దొడ్డి తలుపు తాళంచెవి రెండూ తన మొలకే కట్టుకున్నట్టు రష్యా వ్యవహరించింది. ఈ సంధి కింద తిరిగి వచ్చే ఇలీకి పడమటా దక్షిణానా రష్యా భూభాగమే ఉండేది. ఎప్పుడు తలచుకుంటే అప్పుడు ఆ జిల్లాను ఒక్క దెబ్బతో తిరిగి పట్టుకోగల స్థితి రష్యాకు మిగిలేది. అందుకే లివాడియాలో చైనాకు దక్కిన భూమి ఎంత అన్న కొలతకు పెద్ద విలువ లేదని నా అభిప్రాయం. కాపాడుకోలేని భూమిని 50 లక్షలకు కొనడం చవక బేరం కాదు.

చోంగ్‌హౌ ఇంత ఘోరంగా ఎందుకు లొంగిపోయాడన్న దానికి ఒక కారణం స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన తియాన్‌జిన్‌లో ఓడరేవుల వాణిజ్య వ్యవహారాలు చూసినవాడు, ఫ్రెంచివారు హతమైన 1870 నాటి తియాన్‌జిన్ హింసాకాండ తరువాత క్షమాపణ చెప్పడానికి ఫ్రాన్సుకు వెళ్ళివచ్చినవాడు; సరిహద్దు నేల మీద అడుగు పెట్టినవాడు కాడు. షిన్‌జియాంగ్ మీదుగా కాక సముద్ర మార్గాన రష్యాకు వెళ్ళడంతో ఆ లోయనూ కనుమలనూ కళ్ళారా చూసే అవకాశం, అక్కడ యుద్ధం నడిపిన జువోతో ముఖాముఖి మాట్లాడే అవకాశం రెండూ జారిపోయాయి. ఛింగ్ ప్రభుత్వం ఆయనకు మరణశిక్ష విధించడం మాత్రం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు. విక్టోరియా రాణి సహా విదేశాల నుంచి విన్నపాలు వచ్చాక 1880లో ఆ శిక్ష తప్పింది. తప్పకపోయి ఉంటే తరువాతి రాయబారికి మాట్లాడే చోటే మిగిలేది కాదు.

జెంగ్ జీజే గొప్పతనం, నా దృష్టిలో, బల్ల దగ్గర చేసిన వాదనలలో కంటే ముందుగా వేసుకున్న లెక్కలో ఉంది. అప్పటికి బ్రిటన్, ఫ్రాన్సులలో రాయబారిగా ఉన్న ఆయన చర్చలకు పూర్వమే సింహాసనానికి పంపిన విన్నపంలో వివాదాన్ని సరిహద్దు, వాణిజ్యం, పరిహారం అని మూడుగా విడదీశాడు. పరిహారం అన్నిటికంటే చిన్న విషయం. వాణిజ్య నిబంధనలను ముందుముందు సవరించుకోవచ్చు. ఒకసారి గీసిన సరిహద్దు మాత్రం శాశ్వతం, కాబట్టి పట్టు పట్టవలసింది అక్కడే. 1881 ఫిబ్రవరి 24న సంతకాలైన సంధి దాదాపు ఈ వరుసలోనే సాగింది. తెకెస్ లోయ, ముజార్ట్ కనుమ తిరిగి వచ్చాయి. పడమటి భాగం రష్యాకే ఉండిపోయింది. పరిహారం 90 లక్షలకు పెరిగింది, అదీ రెండేళ్ళలో చెల్లించేలా. పెరిగిన 40 లక్షలు కనుమకు చెల్లించిన వెల అనుకుంటే ఆ వెల ఒక్కసారితో తీరిపోయింది. కనుమను వదులుకుని ఉంటే దాని నష్టాన్ని ప్రతి తరమూ భరించవలసి వచ్చేది.

వాణిజ్యంలో జెంగ్ సాధించింది తక్కువే కానీ తీసిపారేయదగినది కాదు. లివాడియాలో కొత్తగా ఏడు చోట్ల ఒప్పుకున్న కాన్సులేట్లు ప్రస్తుతానికి జియాయుగువాన్, తుర్ఫాన్ రెండింటికి తగ్గాయి. రష్యా వర్తకుల దారి చైనా నడిబొడ్డున ఉన్న హాంకౌ దాకా పోకుండా, మహాకుడ్యం పడమటి కొసన ఉన్న జియాయుగువాన్ దగ్గరే ఆగింది. మంచూరియాలో సుంగారీ నది మీద పైవరకు నౌకాయాన హక్కు కూడా రష్యాకు దక్కలేదు. మంగోలియాలో, షిన్‌జియాంగ్‌లో సుంకం లేని వర్తకం మాత్రం కొనసాగింది.

కాగితాల మీద సంతకమైన సంధిని రష్యా ఎందుకు తిరగరాసింది? జువో సేనలు చూసి భయపడిందనే మాట చైనా దేశభక్తులకు ప్రియమైనది, అందులో కొంత నిజమూ ఉంది. అయితే 1877-78 నాటి తుర్కీ యుద్ధం రష్యా ఖజానాను ఊడ్చేసింది, బెర్లిన్ మహాసభ దాన్ని ఐరోపాలో ఒంటరిని చేసింది. ఇంత దూరపు లోయ కోసం మరొక యుద్ధం గియెర్స్ వంటి విదేశాంగ అధికారులు కోరుకోలేదు. తూర్పు సముద్రానికి లెసోవ్‌స్కీ నాయకత్వంలో నౌకాదళాన్ని పంపడానికి అయిన ఖర్చు కూడా వాళ్ళను పరిహారం వైపు మొగ్గేలా చేసింది.

ఇక మూడవ మార్గం యుద్ధం. జాంగ్ జీదోంగ్ వంటి పండితులు దానినే కోరారు, జువో 1880లో తన శిబిరాన్ని తూర్పు షిన్‌జియాంగ్‌లోని హామీ పట్టణానికి తరలించాడు. భూమి మీద జువో కొంతకాలం నిలబడగలిగేవాడేమో. కానీ ఆయన దండయాత్రలు అప్పటికే విదేశీ అప్పుల మీద నడుస్తున్నాయి, రాజధానికి రక్షణగా ఉన్న తీరం రష్యా నౌకలకు అందేంత దూరంలో ఉంది. ఆ ఏడాది చైనాకు వచ్చిన బ్రిటిష్ సేనాని గోర్డాన్ కూడా యుద్ధం వద్దనే చెప్పాడు. జువో సేన మోహరించి ఉండడం జెంగ్‌కు బలమైంది, దాన్ని కదిలిస్తే ఆ బలమే పోయేది. అదే ఏడాది జువోను పెకింగుకు పిలిపించడం తెలివైన పని. నాలుగవది, ఇలీని ప్రస్తుతానికి రష్యాకే వదిలి ఊరుకోవడం. కనుమ రష్యా చేతిలోనే ఉండిపోతుంది కాబట్టి దాని గురించి ఇంతకు మించి చెప్పనవసరం లేదు.

నా మొగ్గు పీటర్స్‌బర్గ్ సంధి వైపేనని ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా ఒక విషయంలో అది లివాడియా కంటే పెద్దగా మేలు చేయలేదని ఒప్పుకోవాలి, అది అక్కడి ప్రజల విషయం. ఛింగ్ అధికారులు తిరిగి వస్తే ప్రతీకారం తప్పదని భయపడిన తరాంచీలు (లోయలో సేద్యం చేసే తుర్కిక్ ముస్లింలు), దుంగాన్‌లు (చైనీస్ మాట్లాడే ముస్లింలు) వేల సంఖ్యలో రష్యా ప్రజలుగా మారి రష్యా పాలనలోని సెమిరేచ్యే ప్రాంతానికి వలసపోయారు. క్షమాభిక్ష ప్రకటన సంధిలో ఉన్నా దాన్ని నమ్మినవారు తక్కువ. వారిని స్థిరపరచడానికే అన్న సాకుతో లోయ పడమటి భాగాన్ని రష్యా తన దగ్గర ఉంచుకుంది. 1882లో జార్కెంట్ పట్టణం వెలసింది ఆ నేల మీదే. సరిహద్దు ఖోర్గోస్ నది దగ్గర స్థిరపడింది. ముజార్ట్ కనుమ చేతికి రావడంతో తియాన్‌షాన్‌కు ఇరువైపులా ఉన్న భూమిని ఒకే పాలన కిందకు తేవడం ఛింగ్ ప్రభుత్వానికి సాధ్యమైంది, 1884లో షిన్‌జియాంగ్ ఒక రాష్ట్రంగా ఏర్పడింది. జువో కింద యుద్ధం చేసిన ల్యూ జింటాంగ్ దానికి మొదటి గవర్నరు అయ్యాడు. కానీ ఇలీ పొలాలను దున్నిన కుటుంబాలలో చాలా భాగం అప్పటికే నదికి అవతల ఉన్నాయి.