దేహమే నేనా, దేహం నాదా, అసలు సంబంధమే లేదా: ఏది మేలు?

లావయ్యాను, చిక్కిపోయాను అని రోజూ అంటూనే ఉంటాం కదా, మన దర్శనాల్లో, అంటే తత్త్వ శాఖల్లో, పెద్ద గొడవ ఈ మాట మీదే ఉంది. "స్థూలోఽహం" (నేను లావుగా ఉన్నాను) అని జనం అంటున్నారంటే ఆ నేను దేహమే, వేరే ఆత్మ లేదు అని, కంటికి కనిపించేదే నిజమనే చార్వాకులు వాదించినట్టు 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం అనే గ్రంథంలో ఉంది. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే ఇదే మాట ఎత్తుకుని ఇది అధ్యాస, దేహం గుణాన్ని ఆత్మకు అంటగట్టడం అన్నారు.

చార్వాకుల్లో నాకు నచ్చేది, నొప్పిని నొప్పి అని ఒప్పుకుంటారు. కానీ దేహాన్ని చేసిన మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాలే శవంలోనూ ఉన్నాయి కదా, తెలివి ఏమైంది అని అడిగితే వాళ్ల దగ్గర గట్టి జవాబు లేదు.

శంకరుల మాట చావు భయాన్ని తీసేస్తుంది, నిజమే. అయితే మా నాన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయినప్పుడు, చూడ్డానికి వచ్చినవాళ్లు "ఈ దేహం ఎలాగూ మనది కాదండీ" అంటుంటే నాకు చాలా బాధేసింది. వ్యవహారమంతా ఈ అధ్యాసతోనే నడుస్తుందని శంకరులే చెప్పారు, ఆ సగం ఎవరూ చెప్పరు.

రామానుజుల దగ్గర నాకు ఊరట దొరికింది. హైదరాబాద్ దగ్గర ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన ఆయన విగ్రహం, 216 అడుగులది, చాలామంది చూసే ఉంటారు, అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు సమానత్వం గురించి మాట్లాడతారు గానీ దేహం గురించి ఆయన చెప్పింది ఎత్తరు. ఒక చేతనుడు, అంటే తెలివి ఉన్న ఆత్మ, దేన్ని నిలబెడుతూ, నడిపిస్తూ ఉంటాడో, ఏది అతని కోసమే ఉంటుందో అది అతని శరీరం అంటారు, బ్రహ్మసూత్రాలకు తాను రాసిన శ్రీభాష్యంలో. ఈ లెక్కన జీవులూ జగత్తూ భగవంతుడి శరీరమే, కాబట్టి దేహం అబద్ధం కాదు. మరి రోగం వచ్చి మాట వినని అవయవం సంగతేంటి? దానికీ జవాబిచ్చారు: నడిపే శక్తి పోలేదు, అడ్డుపడింది, ఏదో అడ్డుపడి నిప్పులో వేడి తెలియనట్టు. చేతనుడు వెళ్లిపోగానే శరీరం శిథిలం కావడం మొదలవుతుంది అన్నారు, శవం ప్రశ్న కూడా అక్కడే తీరింది.

నా ఆత్మ ఒక్కటే నేను కాదు అని 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ అన్నారు, హైదరాబాద్ నారాయణగూడ క్రైస్తవ సమాధుల వెనకున్న పునరుత్థాన నమ్మకానికి, అంటే చనిపోయినవాళ్లు దేహంతో మళ్లీ లేస్తారన్న నమ్మకానికి, ఇది దగ్గర.

మంచం పట్టిన మనిషికి సేవ చేసేవాళ్లకు నేనైతే రామానుజులనే చెప్తాను. దేవుణ్ణి నమ్మనివాళ్లకు ఇది కుదరదు, వాళ్లకు శంకరుల కంటే చార్వాకులే నయం.