ప్లేటు ఇడ్లీలో అద్దె వాటా ఎంత? గోదావరి డెల్టా టిఫిన్ చోట్ల మీద సమీక్ష

రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా, కాకినాడ నుంచి భీమవరం దాకా పొద్దున్నే ఇడ్లీ దొరకని సెంటరు లేదు. మినపగుళ్లు, రవ్వ, పచ్చట్లో పడే వేరుశెనగ గుళ్లు అందరూ దాదాపు ఒకే రేటుకి కొంటారు. అయినా బండి దగ్గర ఒక ధర, షట్టరు కొట్లో ఇంకో ధర, బస్టాండు లోపల మరో ధర. ఆ తేడాలో ఎక్కువ భాగం అద్దెది. అందుకే ఇక్కడ మార్కులు వేస్తున్నది ఆయా చోట్ల అద్దె పద్ధతికి.

ముందు లెక్క చూద్దాం. కిలో మినపగుళ్లకి రెండు కిలోల ఇడ్లీ రవ్వ కలిపితే అరవై గ్రాముల ఇడ్లీలు వంద దాకా దిగుతాయి. గుళ్లు కిలో 130, రవ్వ కిలో 45 వేసుకుంటే ఇడ్లీకి 2.20, నాలుగిడ్లీల ప్లేటుకి 8.80. పచ్చడికి పాతిక గ్రాముల వేరుశెనగ గుళ్లు, మిర్చి, చింతపండు, తాలింపు నూనె కలిపి 5 రూపాయలు. 19 కిలోల కమర్షియల్ సిలిండరు 1,800 చొప్పున నాలుగు రోజులొస్తే, రోజుకి 200 ప్లేట్ల మీద ప్లేటుకి 2.25. పేపరు ప్లేటు, పార్సిలు కవరు 1.50. ఇద్దరు మనుషుల కూలి 1,200, అంటే ప్లేటుకి 6. మొత్తం 23.55. ముప్పైకి అమ్మితే 6.45 మిగులుతుంది, రోజుకి 1,290. అద్దె, అడ్వాన్సు మీద వడ్డీ, మధ్యాహ్నానికి పులిసి పారబోసే పిండి, యజమాని ఇంటి ఖర్చు, అన్నీ ఇందులోంచే రావాలి. మీ ఊరి ధరలు వేరైతే అంకెలు మార్చి చూసుకోండి. అద్దె ఎక్కడ తగులుతుందో మాత్రం మారదు.

తోపుడు బండికి ఐదుకి నాలుగు. ఆశీలు పాట, అంటే బండ్ల దగ్గర రుసుము వసూలు చేసుకునే హక్కుకి వేలం, జరిగే ఊళ్లలో పాటదారు మనిషి రోజూ వచ్చి డబ్బులు పట్టుకెళతాడు. రోజుకి 50 అనుకుంటే 200 ప్లేట్ల మీద పావలా పడుతుంది. అంతకన్నా ముఖ్యం, బండి పెట్టని రోజున ఆశీలు లేదు. వాన పడి జనం రాకపోయినా, ఇంట్లో శుభకార్యమై రెండు రోజులు మానేసినా అద్దె మీదపడదు. డెల్టాలో చవకైన టిఫిన్ ఇప్పటికీ బతికి ఉన్నదంటే ఈ రోజువారీ పద్ధతి వల్లే.

ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, పాట ఎంతకు వెళితే వసూలు అంత గట్టిగా ఉంటుంది. మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ ఏ రకం బండికి ఎంతో ఒక రేటు ఖరారు చేస్తుంది. పాట ఎక్కువకు పాడినవాళ్లు ఆ రేటు దాటి అడిగినా, రసీదు చింపకుండా తీసుకున్నా, ఆ పదీ ఇరవై చివరికి పచ్చడి గరిటెలో తగ్గుతుంది. రేటు పట్టిక కార్యాలయం గోడ మీదా మార్కెట్టు గేటు దగ్గరా కనపడేలా ఉండాలి. రసీదు మీద తేదీ, మొత్తం రెండూ ఉండాలి. బండివాళ్లు రసీదులు దాచుకోవడం మంచిది. ఆ చోట ఎన్నాళ్లుగా వ్యాపారం చేస్తున్నారో చూపించడానికి అవే కాగితాలు పనికొస్తాయి.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఇక్కడ అండగా ఉంది. కనీసం ఐదేళ్లకోసారి సర్వే చేయాలి. సర్వే పూర్తయి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. తరలించాలన్నా ఖాళీ చేయించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఈ చట్టం సరిగ్గా నడిచిన ఊళ్లో ప్లేటు ధర నిలకడగా ఉంటుంది. ఏ రోజు లేపేస్తారో తెలియని మనిషి మంచి గ్రైండరు కొనడు, పెద్ద ఇడ్లీ పాత్ర కొనడు. బయట పిండి ఎక్కువ ధరకి తెచ్చుకుని నడిపిస్తాడు.

మున్సిపల్ కాంప్లెక్సు షాపులకి రెండున్నర. కాగితం మీద ఇది మంచి పద్ధతే. వేలంలో షాపు తీసుకున్నవాళ్లకి మూడేళ్లకోసారి 33⅓ శాతం పెంచి లీజు పొడిగిస్తారు. నెలకి 6,000తో మొదలైతే మూడేళ్లకి 8,000, ఆరేళ్లకి 10,667, తొమ్మిదేళ్లకి 14,222. ముందే తెలిసిన పెంపు కాబట్టి లెక్క వేసుకోవచ్చు. చిక్కంతా లీజు ఒకరి పేరున ఉండి పొయ్యి ఇంకొకరు వెలిగించేచోట. అసలు లీజుదారు గుడ్‌విల్ పేరుతో కొంత సొమ్ము తీసుకుని షాపుని ఇంకొకరికి సబ్‌లీజుకి ఇస్తే, టిఫిన్ వేసే మనిషి బజారు అద్దె కడతాడు, మున్సిపాలిటీకి పాత అద్దే వస్తుంది. మధ్యలో పోయేది తినేవాడి జేబులోంచి. షాపు బోర్డు మీది పేరూ లీజు రిజిస్టరులోని పేరూ ఏటా పోల్చి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ప్రైవేటు షట్టరుకి మూడు. నెలకి 15,000 అద్దె అంటే ప్లేటుకి 2.50. దీని మీద అడ్వాన్సు ఉంటుంది, దాన్ని చాలామంది లెక్కలో మర్చిపోతారు. రెండు లక్షల అడ్వాన్సుకి నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున అప్పు తెస్తే నెలకి 4,000, ప్లేటుకి ఇంకో 67 పైసలు. అయినా 30కి ప్లేటు ఇవ్వడం సాధ్యమే. సాయంత్రం పునుగులో బజ్జీలో వేస్తే అదే షట్టరు రెండు పూటలా పనిచేస్తుంది కాబట్టి అద్దె సర్దుకుంటుంది.

బస్టాండు లోపలి స్టాళ్లకి ఒకటిన్నర. అక్కడ వండేవాళ్లని తప్పుపట్టడానికి లేదు, టెండరు షరతులే అలాంటివి. నెలవారీ లైసెన్సు ఫీజు ఎవరు ఎక్కువ రాస్తే స్టాలు వాళ్లకి. ఒక స్టాలు 45,000కి పోయిందనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే 53,100, రోజుకి 1,770, 200 ప్లేట్ల మీద ప్లేటుకి 8.85. మిగిలే 6.45 అంతా ఫీజుకే పోయి, ఇంకా 2.40 చేతి నుంచి పడుతుంది. ప్లేటులో ఒక ఇడ్లీ తగ్గించారనుకోండి, కలిసొచ్చేది 2.20. అప్పటికీ 20 పైసల నష్టమే. బండివాడికి మిగిలేంత మిగలాలంటే ప్లేటు 38.60 ఉండాలి, చిల్లర గోల లేకుండా 40 చేస్తారు.

వరద రోజుల్లో ఇంకా కష్టం. ఏటిగట్టు అవతల లంక ఊళ్ల జనం కదలలేక, బస్సులు తగ్గి 130 ప్లేట్లే పోయిన రోజున అదే ఫీజు ప్లేటుకి 13.62 అవుతుంది. ఫీజు మాత్రం నెలకి ఇంతని రాసి ఉంటుంది. అందుకే ఎక్కువ ఫీజు రాసుకున్న స్టాళ్లలో ముందు పొయ్యి ఆరిపోతుంది. చిప్సు, కూల్‌డ్రింకు, నీళ్ల సీసా అమ్మడానికి ఇద్దరు వంటమనుషులు అక్కర్లేదు, పిండి పులిసిపోదు. రావులపాలెంలో దిగి అమలాపురం బస్సు కోసం చూసే కూలి మనిషికి కావలసింది కడుపు నిండే టిఫిన్. టెండరు లెక్కలో మిగిలేది మాత్రం బిస్కట్టు పొట్లం. ఆ పొట్లం మీద ముద్రించిన ధర కన్నా పైసా ఎక్కువ తీసుకోవడం నేరం. అడిగితే బిల్లు తీసుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. లైసెన్సు ఫీజు బదులు అమ్మకంలో 8 శాతం పెడితే 30 రూపాయల ప్లేటుకి 2.40 పడుతుంది, వాన పడినా ఎండ కాసినా అంతే. ఫోన్ పేమెంట్లు ఇంతగా పెరిగాక అమ్మకం ఎంతో తెలుసుకోవడం కష్టం కాదు. అది కుదరకపోతే ప్రతి బస్టాండులో ఒక్క స్టాలుని వేలం లేకుండా ఇచ్చినా చాలు. ఫీజు ముందే ఖరారు చేసి, నాలుగిడ్లీల ధర షరతుగా రాసి, అర్హులైనవాళ్లలో లాటరీ తీసి ఇవ్వవచ్చు.

రైల్వే ప్లాట్‌ఫారానికి మూడు. ఇక్కడా లైసెన్సు ఫీజు ఉంది. కానీ తినుబండారం ధరా తూకమూ రైల్వేయే నిర్ణయిస్తుంది కాబట్టి ఫీజు భారం నేరుగా ధర మీదకి రాదు. జనరల్ బోగీలు ఆగేచోట పెట్టిన 20 రూపాయల ఎకానమీ మీల్‌లో ఏడు పూరీలు, బంగాళాదుంప కూర, పచ్చడి వస్తాయి. అది పెట్టిన స్టేషన్లలో చవకగా కడుపు నింపుకోవచ్చు. ధర కట్టేసినచోట తూకం తగ్గే ప్రమాదం ఉంటుంది, పూరీలు లెక్కపెట్టుకుని తీసుకోండి.

అన్న క్యాంటీన్లకి నాలుగున్నర. 2024 ఆగస్టు 15న తిరిగి మొదలయ్యాయి, పూటకి 5 రూపాయలు. చోటుకి అద్దె లేదు, మిగతా ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. తాపీపని, ముఠాపని చేసేవాళ్లకి ఇదే పెద్ద ఆసరా. అర మార్కు తగ్గింది వేళల వల్ల. తెల్లారుజామున చేపల రేవుకో అరటి మార్కెట్టుకో వెళ్లేవాళ్లకి కౌంటరు తెరిచేదాకా ఆగడం కుదరదు. వాళ్లకి మళ్లీ బండే దిక్కు.

అద్దె పెరిగితే ధరతో పాటు వంటకమూ మారిపోతుంది. పాలకొల్లు వైపు మినపరొట్టె చూడండి. మందపాటి మూకుడులో రెండంగుళాల ఎత్తున పిండి పోసి, సన్నని సెగ మీద మూతపెట్టి కాల్చాలి. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల పత్తిలా ఉడకడానికి ఇరవై నిమిషాలకి తక్కువ పట్టదు. అదే పొయ్యి మీద ఇరవై నిమిషాల్లో పది దోసెలు దిగుతాయి. నిలబడే గజం చోటుకి భారీగా అద్దె కట్టే మనిషి పొయ్యిని ఒక్క రొట్టెకి అంతసేపు ఇవ్వలేడు. అంబాజీపేట పొట్టిక్కలూ అంతే. నాలుగు పనసాకులు పుల్లలతో కుట్టి ఒక్కొక్క బుట్టా చేత్తో చేయాలి. ఇంటి అరుగు మీదో బండి మీదో అమ్మితేనే ఆ కూలి గిట్టుబాటవుతుంది. ఈ రెండూ తక్కువ ధరకి దొరుకుతున్న సెంటరులో అద్దెలు అదుపులో ఉన్నాయని నమ్మవచ్చు.

2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. ఘాట్ల దగ్గర తాత్కాలిక స్టాళ్లకి వేలం పెడితే పన్నెండు రోజుల్లోనే ఫీజు రాబట్టుకోవాలి. 60,000కి పాడిన స్టాలుకి రోజుకి 5,000, 500 ప్లేట్లు పోయినా ప్లేటుకి 10 రూపాయలు ఫీజుకే. ధర షరతు వేలం నోటీసులోనే ఉండాలి. పాట ముగిశాక ధరల బోర్డు పెట్టమంటే, ఆ పది రూపాయలు అప్పటికే బోర్డు మీదకి ఎక్కి ఉంటాయి.