ఆకు అచ్చా, చేత్తో మలిచిన పువ్వా? మట్టిపనిలో ఏది మేలు?

మట్టితో ఆకులూ పూలూ చెయ్యాలనుకునేవాళ్ళకి ముఖ్యంగా రెండు దారులున్నాయి. నిజం ఆకునే మట్టి మీద పెట్టి నొక్కి అచ్చు తీసుకోడం ఒకటి, మొక్కని చూసుకుంటూ చేత్తో మలుచుకోడం ఇంకోటి. ఇన్‌స్టాలో మొదటిదే ఎక్కువ కనిపిస్తాది, తొందరగా అయిపోద్ది కదా. నా ఓటు మాత్రం రెండోదానికే, మా సిక్కోలు (శ్రీకాకుళం) సైడు ఉండి చేసేవాళ్ళకైతే మరీను.

అచ్చు పని చాలా సులువు. బంకమట్టిని అరంగుళంకన్నా పల్చగా పలకలా వత్తి, ఆకు వెనక వైపు ఈనెలు మట్టికి తగిలేలా పెట్టి చపాతీ కర్ర ఓసారి దొర్లిస్తే చాలు, ఆకు తియ్యకపోయినా పర్లేదు, కాల్పులో అదే మాడిపోద్ది. మొదటి కాల్పు అయ్యాక ఐరన్ ఆక్సైడ్ (తుప్పు రంగు పొడి) నీళ్ళలో కలిపి పూసి తడి స్పాంజితో పైపైన తుడిస్తే రంగు ఈనెల గీతల్లోనే ఉండిపోయి అచ్చు భలే తేల్తాది. కానీ అన్ని ఆకులూ పనికిరావు. జీడిమామిడి, మోదుగ, టేకు అయితే ఈనెలు లేచి ఉంటాయి కాబట్టి అదిరిపోతాయి, అరటాకు పెడితే సన్న గీతలు తప్ప ఏం రాదు. పైగా పలక ఆరేటప్పుడు అంచులు ముందు ఆరిపోయి పైకి లేస్తాయి, పేపరు కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి.

అసలు చిక్కేంటంటే అందులో ఆకొస్తాది గానీ మొక్క రాదు. మా జిల్లా ఉద్దానంలో మొగలి పొద దగ్గరకెళ్ళి చూడండి, ఆకులు మూడు వరసల్లో మెలితిరుగుతూ పైకెళ్తాయి, అంచులకీ వెనక నడి ఈనెకీ ముళ్ళుంటాయి, దాన్ని పలక మీద నొక్కితే ఏం మిగులుద్ది, ఓ పొడుగు చార! జీడిపండు కూడా అంతే. మనం పండు అనేది ఉబ్బిన కాడ, కింద వేలాడే గింజే అసలు కాయ. చేత్తో చేస్తే ఆ రెండూ ఎక్కడ కలుస్తున్నాయో చూడకుండా పని ముందుకెళ్ళదు. కష్టం లేదని కాదు, సన్న రేకులు ఎండగానే పుటుక్కుమంటాయి, అతుకుల దగ్గర గీకి పల్చటి మట్టి పుయ్యకపోతే ఊడొస్తాయి, లావుగా ఉన్నదాన్ని లోపల గుల్ల చెయ్యాలి.

అచ్చంటే చిన్నచూపు లేదండోయ్. పదహారో శతాబ్దంలో ఫ్రాన్సులో బెర్నార్ పాలిస్సీ అనే కుమ్మరి నిజం పాములూ కప్పలూ ఆకుల మీద నుంచే అచ్చులు తీసి పళ్ళేల మీద అతికించాడు. ఇప్పుడు జపాన్‌లో పుట్టి లండన్‌లో పనిచేస్తున్న హితోమి హోసోనో అనే మట్టి కళాకారిణి ఆకుల్ని చూసి ముందు తనే చేత్తో మలిచి, దాన్నుంచి ప్లాస్టర్ అచ్చు తీసి, అందులో నొక్కిన పోర్సలిన్ (తెల్ల పింగాణీ మట్టి) ఆకుల్ని గిన్నె మీద వరసగా అతికించి మళ్ళీ చెక్కుతారు. అచ్చు ఉంది గానీ అది చెట్టు మీది ఆకుది కాదు, ఆవిడ చూపుది. నాకు నచ్చిన దారి ఇదే.

ఆకునీ పువ్వునీ పల్చటి మట్టిలో ముంచి కాల్చే పద్ధతి ఇంకోటుంది, లోపలిది కాలిపోయి పైన పెంకు మిగుల్తాది. ఫోటోకి బావుంటాది, చేత్తో పట్టుకుంటే గోవిందా.

పోర్సలిన్‌కి 1200 డిగ్రీలు దాటాలి, ఎలక్ట్రిక్‌దో గ్యాస్‌దో అంత వేడెక్కే కిల్న్ (కాల్చే బట్టీ) ఉండాలి. ఎర్రమట్టికి 1000 లోపే చాలు కాబట్టి ఊళ్ళో కుమ్మరాయన్ని ముందే అడిగి ఆవంలో కుండల పక్కన ఓ మూల పెట్టించుకోవచ్చు. పూర్తిగా ఆరాకే ఇవ్వండి, లోపల తడుంటే ఆవిరై పేలి పక్కనున్న ఆయన కుండలు కూడా పోతాయి. గ్లేజు (గాజులాంటి పూత) ఉండదు కాబట్టి నీళ్ళు పీలుస్తాది, కూర వడ్డించుకోడానికి మాత్రం వద్దు.