సంద్రం అడుగా, ఎండే మడుగా?

విశాఖ తీరాన తెన్నేటి పార్కు కింద రాళ్ల గుంటల్లో మిగిలిన నీళ్లు ఎండకి ఇగిరి, అంచున తెల్లటి ఉప్పు పొర కడతాయి. గోటితో గీకితే కరకరలాడుతుంది. జీవం మొదట పుట్టింది సముద్రపు అడుగునా, ఎండుతూ తడిసే మడుగులోనా అన్న వాదు నాకక్కడే గుర్తొస్తుంది.

సముద్రపు అడుగు పక్షానికి అండ, 2000లో అట్లాంటిక్ అడుగున బయటపడ్డ 'లాస్ట్ సిటీ' ఊటలు: వెచ్చటి క్షారజలం, హైడ్రోజన్, ఎడతెగని శక్తి.

కానీ ప్రోటీన్లకి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు గొలుసు కట్టాలంటే ప్రతి ముడికీ ఓ నీటి అణువు బయటికి పోవాలి. చుట్టూ నీళ్లే అయితే ముడి విడిపోవడానికే మొగ్గు. మడుగైతే ఎండినప్పుడు ముడిపడుతుంది, తడిసినప్పుడు సరుకు మళ్లీ కలుస్తుంది. పైగా సముద్రంలో సోడియం ఎక్కువ, మన కణాల్లోపల పొటాషియం ఎక్కువ; తొలి కణం సముద్రంలో పుట్టలేదేమో అన్న అనుమానం అందుకే. ఉప్పునీళ్లలో, తొలి కణాలకి గోడలై ఉంటాయనుకునే కొవ్వు ఆమ్లాల పొరలు నిలవడమూ కష్టమే.

అందుకే నా ఓటు మడుగుకి. ఈ ఉప్పుగుంటకి కాదు, పైన కైలాసగిరి రాళ్లమీద వాననీళ్లు నిలిచే రకానికి. 1871లో డార్విన్ ఓ ఉత్తరంలో ఊహించిందీ చిన్న వెచ్చటి గుంటనే.